కాలు లేని బోటు

ఫిల్మ్‌నగర్‌లో శాంతరాజు షెడ్డెక్కడా అని తొంభై ఒకటిలో ఎవర్నడిగినా వేలు పెట్టి చూపించేవారు. షేక్‌పేట వైపు దిగే రోడ్డులో రెండు పెద్ద బండల మధ్య, రేకుల కప్పు కింద, తలుపుల్లేని జీపులూ, సగానికి కోసిన కార్లూ, పల్టీ కొట్టడానికే పుట్టిన వ్యాన్లూ కనబడితే అదే. ఆ రోజుల్లో మీరు హాల్లో కూర్చుని ఈలలేసిన ఛేజింగుల్లో సగం బళ్ళు ఆయన చేతుల మీదుగా వెళ్ళినవే. హీరో పేరు మీకు గుర్తుంటుంది గానీ బ్రేకులు బిగించినవాడి పేరెందుకుంటుంది? పోనీ లెండి, ఇప్పుడు చెబుతున్నాగా.

శాంతరాజుది కాకినాడ. జగన్నాథపురం వంతెన కింద ఉప్పుటేట్లో ఈత నేర్చి, పద్దెనిమిదో ఏట లాంచీ స్టీరింగు పట్టాడు. ఇరవయ్యో ఏట దాన్నొదిలేసి మద్రాసు పోయి సినిమా బళ్ళలో చేరాడు. ఎందుకొదిలేశాడో ఎవరడిగినా చెప్పేవాడు కాదు. భార్య తెరెసాకి తెలుసు, కూతురికి తెలుసు, అంతే. ఇండస్ట్రీ హైదరాబాదొస్తే తనూ మూటాముల్లె సర్దుకుని వచ్చి ఈ రాళ్ళ మధ్య కాపురం పెట్టాడు. నలభై ఏడేళ్ళొచ్చాయి. నీళ్ళంటే కుళాయి నీళ్ళు తప్ప వేరే నీళ్ళ మొహం చూసి ఇరవై ఏడేళ్ళయింది.

అలాంటి మనిషి షెడ్డు ముందు ఒక సోమవారం పొద్దున్నే, ట్రాలీ మీద, బోటొచ్చి ఆగింది!

చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఇరవై నాలుగడుగుల ఫైబరు బోటు. మూతి సన్నంగా, ముందుకి ఉరకడానికి ఆగలేనట్టుంది. వెనక మూత ఎత్తి చూశాడు. పక్కపక్కన రెండు ఇంజన్లు, ఒక్కోదానికి ఎనిమిదేసి సిలిండర్లు.

"ఓరి దేవుడో! కరుణా! ఇలా రావే! రెండున్నాయే, రెండు!" అని ఆయన పెట్టిన కేక బండలకి కొట్టుకుని వెనక్కొచ్చింది.

కరుణాకుమారి ఆయన ఒక్కగానొక్క కూతురు. ఇరవై మూడేళ్ళు. ఆ షెడ్డులోనే నడక నేర్చి, జీపు నేర్చి, లారీ నేర్చి, మూడేళ్ళుగా హీరోయిన్లకి డూపుగా చేస్తోంది. కొంగు ఎగరేసుకుంటూ జీపుని గోతి మీంచి దూకించిన నాజూకు భామలున్నారే, వాళ్ళందరూ నిజానికి చమురు చేతుల ఈ పిల్లే.

బోటు వెనకాలే కారొచ్చింది. అందులోంచి డైరెక్టరు చలపతిరావు దిగాడు. మంచివాడే పాపం. కాకపోతే ఉత్సాహమొస్తే ఆయన చేతులకీ నోటికీ పగ్గాలుండవు.

"రాజూ, క్లైమాక్సయ్యా! దుర్గం చెరువు! హీరోయిన్ బోటేసుకుని పారిపోతుంటే విలన్ మనుషులు ఆరుగురు ఆ పిల్ల ముందు నీళ్ళలోకి దూకుతారు. వాళ్ళ మధ్యలోంచి అటో కోత, ఇటో కోత! ఎదురుగా కొండరాయి! గుద్దేసిందిరా బాబూ అని జనం కళ్ళు మూసుకునేలోపు గిర్రున తిరగాలి. వెనకాల నీళ్ళు ఇంతెత్తున తోకలా లేవాలి. తోక లేకపోతే నాకొద్దు!"

"నడిపేదెవరండీ?"

"ఇంకెవరయ్యా, మన కరుణే."

శాంతరాజు బోటు వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. రెండు గుండ్రటి కంతలు తప్ప ఏమీ లేదు. "ఇదేంటండీ, ఇంజన్లున్నాయి గానీ నీళ్ళని తోసేదేదీ లేదు?"

"అందుకేగా నీ దగ్గరికి తెచ్చింది. బొంబాయి వాడి గోడౌన్లో నాలుగు రకాల డ్రైవులున్నాయిట. శనివారం సాయంత్రం లోపు ఏది కావాలో ఫోన్లో చెబితే లారీకెత్తిస్తాడు. నాకేం తెలుసు? నువ్వేదంటే అదే."

నువ్వేదంటే అదే! ఈ మాట మెకానిక్కుతో ఏ డైరెక్టరైనా ఎప్పుడైనా అన్నాడా? శాంతరాజు గాల్లో తేలిపోయాడు. ఆ వారమంతా ఆయన కాలు ఒకచోట నిలవలేదు. జీపులు జీపుల్లాగే పడున్నాయి. తిండి పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఇంజన్ల చుట్టూ తిరుగుతూ తనలో తనే మాట్లాడుకుంటుంటే తెరెసా "ఈయనకి మళ్ళీ పద్దెనిమిదేళ్ళొచ్చాయి" అని నవ్వుకుంది. ఆవిడ స్టూడియోలో కాస్ట్యూములు కుడుతుంది. మనిషి మెత్తన, మాట మాత్రం సూదే.

బుధవారం మధ్యాహ్నం శాంతరాజు షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో బోటు వెనక భాగాన్ని నాలుగుసార్లు గీశాడు. కరుణ ఒక పక్క, సుబ్రహ్మణ్యం ఒక పక్క కూర్చున్నారు. సుబ్రహ్మణ్యమంటే ఫైటరు, నీళ్ళలోకి దూకబోయే ఆరుగురిలో మొదటివాడు. బోరబండ నుంచి సైకిలేసుకొచ్చి తెరెసా చేతి ఉప్మా తింటే గానీ వాడికి రోజు మొదలవదు.

"ఇది మా లాంచీలకుండేది" అని మొదలెట్టాడు శాంతరాజు. "ఇంజన్లోంచి పొడుగాటి కడ్డీ బోటడుగు నుంచి కిందికి దిగుద్ది. చివర ఫ్యాను, దాని వెనక చుక్కాని. నమ్మకమైందే. కానీ తిరగమంటే వెంటనే తిరగదు, బతిమాలాలి. మనకి పనికిరాదు. ఇక ఇది, ఫ్యాను సగం నీళ్ళలో, సగం గాల్లో ఉంటది. డైరెక్టరు గారి తోక దీని సొత్తు. సూటిగా పోతే దీన్ని పట్టుకునేవాడు లేడు. అయితే ఏం లాభం? దుర్గం చెరువెంతనీ? ఇది వేగమందుకునేలోపు అవతలి గట్టొచ్చేస్తది."

"మరి మూడోది?" అంది కరుణ.

"అబ్బ, దాని సంగతి చెప్పాలే నీకు! బొంబాయి వాడు దీన్ని లెగ్గంటాడు. కాలన్నమాట. ఇంజను లోపల, కాలు బయట, కాలి చివర ఫ్యాను. కాలెటు తిప్పితే బోటటు. మనకి రెండింజన్లు కాబట్టి రెండు కాళ్ళు. ఒక ఫ్యాను కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి, బోటు పక్కకి లాగెయ్యకుండా. గ్యాసు, అదే ఇంజను రేజు, తీసేసినా కాలు నీళ్ళలోనే ఉంటది గనక చుక్కానిలా కాస్త మాట వింటది. నాలుగోది జెట్టు. దానికసలు బయట ఫ్యానే లేదు. అడుగున జల్లెడలోంచి నీళ్ళు పీల్చి వెనక గొట్టంలోంచి తన్నుద్ది. గొట్టం మూతి తిప్పితే బోటు తిరుగుద్ది. కాళ్ళు లేని బోటది. నా ఓటు మాత్రం కాళ్ళకే!"

సుబ్రహ్మణ్యం మూడో బొమ్మ మీదికి వంగాడు. "మాస్టారూ, ఆ కాలి చివర ఫ్యాను నీళ్ళలో ఎంత లోతున తిరుగుద్దండీ?"

"రెండడుగులుండొచ్చు. ఏం?"

వాడు గడ్డం కింద చెయ్యి పెట్టి, అక్కణ్ణించి కిందికి కొలుచుకుని నవ్వాడు. "తల బయట పెట్టి ఈదుతుంటే సరిగ్గా నా నడుం దగ్గరండీ. ఏం పర్లేదు, కరుణమ్మ చూసి పోనిస్తుందిలెండి."

శాంతరాజు చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

ఆయన లాంచీ ఎందుకొదిలేశాడో ఇప్పుడు చెప్పాలి. అరవై నాలుగులో కాకినాడ రేవులో లాంచీ ఫ్యానుకి తాడు చుట్టుకుంటే, లక్ష్మయ్య అనే కళాసీ నీళ్ళలోకి దిగి కోస్తున్నాడు. పైన స్టీరింగు దగ్గర శాంతరాజు "అయిందా?" అని కేకేశాడు. "అయింది!" అని జవాబొచ్చింది. ఇంజను గేర్లో వేశాడు. ఆ జవాబు లక్ష్మయ్యది కాదు. పక్క లాంచీలో ఎవరో ఎవరితోనో సరుకు దింపడం అయిందన్నారు. లక్ష్మయ్య బతికాడు గానీ కుడికాలు మోకాలి కింద పోయింది. "నీ తప్పేముందిరా, మాట అలా వినబడింది" అని లక్ష్మయ్యే అన్నాడుట ఆసుపత్రిలో. ఆ మాట విన్నాక శాంతరాజు ఆ ఊళ్ళో ఉండలేకపోయాడు.

శనివారం దాకా ఆగలేదు. గురువారమే చలపతిరావుని షెడ్డుకి పిలిపించాడు.

"జెట్టండీ. రెండు జెట్లు. ఇంకో మాట లేదు."

"తోకొస్తుందా?"

"రండి చూపిస్తా" అని శాంతరాజు కారు కడిగే పైపు తీసుకుని, కుళాయి పూర్తిగా తిప్పి, మూతి నేలకి పట్టాడు. నీళ్ళు అడ్డంగా పోయాయి. మూతి పైకెత్తి వేలితో నొక్కాడు. నీటిధార రేకుల కప్పు దాకా లేచి, ఒంపు తిరిగి, సరిగ్గా చలపతిరావు తెల్లచొక్కా మీద పడింది. "జెట్టు గొట్టం మూతి కొంచెం పైకి వంచితే ఇంతే కదండీ. కాస్త వేగం తగ్గుద్ది, పోనీండి. మీ తోక కొబ్బరిచెట్టంత లేపుతాను."

ఇంకొకడైతే తిట్టేవాడు. చలపతిరావు ఒళ్ళంతా తడిసి, రెండు చేతులూ పైకెత్తి, "అదీ తోకంటే! అదీ!" అని గంతులేశాడు. ఆ తడి చొక్కాతోనే వెళ్ళి బొంబాయికి ఫోన్ చేశాడు.

వారంలో జెట్లొచ్చాయి. ఇంకో వారంలో బిగింపయింది. తండ్రీ కూతుళ్ళు బోల్టు బోల్టుకీ మురిసిపోతూ బిగించారు. స్టీరింగు పక్కన రెండింజన్లకీ రెండు గ్యాసు లివర్లు, ఒకే అరచేతిలో ఇమిడేట్టు పక్కపక్కన పెట్టారు. ముందుకి నెడితే గ్యాసు, వెనక్కి లాగితే లేదు.

మొదటిసారి బోటుని దుర్గం చెరువులో దింపిన పొద్దున చూడాలి ఆ సంబరం! చుట్టూ రాళ్ళు, మధ్యలో పచ్చటి నీళ్ళు, జనసంచారం లేదు. చెరువులో చేపలు పట్టే జంగయ్య తన తెప్పేసుకుని తిరిగి, ఎక్కడ లోతో, ఎక్కడ రాయో, ఎక్కడ గుర్రపుడెక్క అల్లుకుందో ముందే చూపించాడు. నాచు జల్లెడలోకి పోతే జెట్టు ఊపిరాడక చస్తుందని ఆయనకి చెప్పగానే రెండు రోజులు కష్టపడి దారంతా శుభ్రం చేసి పెట్టాడు.

కరుణ లివర్లు నెట్టింది. రెండింజన్లూ ఒక్కసారి గర్జించాయి. బోటు మూతి లేచింది, తర్వాత ఒళ్ళంతా తేలికై నీళ్ళ మీద పరిగెత్తింది. వెనకాల తెల్లటి తోక లేచి ఎండలో మెరిసింది. శాంతరాజు గట్టు మీద పరిగెత్తాడు, ఎందుకో ఆయనకే తెలీదు. "పోనీ! పోనీ నా తల్లీ! ఎడమకి! అబ్బబ్బబ్బా!" ఇరవై ఏడేళ్ళ దాహం ఆ కేకలో పోయింది. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

బోటు రాయి వైపు తిరిగింది. ఇక్కణ్ణించి గిర్రున మళ్ళాలి. ఈ ఆనందమంతా చూస్తున్న చలపతిరావు ఊరుకోవచ్చుగా? కెమెరా లేదు, ఫిల్ము లేదు, వట్టి ట్రయలు. అయినా అలవాటు కొద్దీ మైకెత్తి గొంతు చించుకున్నాడు.

"కట్! కట్! బ్రహ్మాండం!"

మూడేళ్ళుగా కట్ అంటే కాలు తియ్యడం, చెయ్యి తియ్యడం నేర్చుకున్న పిల్ల. ఠక్కున లివర్లు వెనక్కి లాగింది. లాగి, స్టీరింగు తిప్పింది. స్టీరింగు తిరిగింది. బోటు తిరగలేదు. జెట్టుకి గ్యాసు లేకపోతే గొట్టంలో నీళ్ళు లేవు, నీళ్ళు లేకపోతే తిప్పేదేదీ లేదు. శాంతరాజు ఆ మాట చెప్పాడు. కరుణా విని తలూపింది. కానీ చేతికెవరు చెప్పారు?

బోటు సూటిగా రాయి మీదికి పోయింది. అదృష్టం ఏంటంటే రాయికి రెండు బారల ఇవతల బురద మెరకుంది. అడుగున కాళ్ళూ ఫ్యాన్లూ ఏమీ లేని బోటు గనక జర్రున బురదెక్కి ఆగింది. కరుణ మొహం నిండా బురద.

జంగయ్య తెప్ప మీంచి చేతులు తలమీద పెట్టుకున్నాడు. "ఏంది బిడ్డా గిట్ల సీదా వొచ్చినవ్! జర్ర అయితే పానం పోతుండె కదా!"

బురద బట్టలు చూసి తెరెసా సంగతంతా లాగింది. లాగాక షెడ్డులోకొచ్చి నిలబడింది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆ లక్ష్మయ్య కాలు ఇరవై ఏడేళ్ళుగా మన ఇంట్లో తిరుగుతూనే ఉంది. నేనేమన్నా అన్నానా? భరించాను. ఇప్పుడు ఆ కాలి బాకీకి నా కూతుర్ని పెడతావా? గ్యాసు తీసేసినా తిరిగే డ్రైవు ఉందన్నావుగా? కాళ్ళున్నది. ఫోన్ చెయ్యి బొంబాయికి. మార్చమను. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

ఆవిడన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాళ్ళు పెడితే కరుణ క్షేమం, నీళ్ళలో ఉన్న ఆరుగురి నడుం దగ్గర ఫ్యాన్లు. జెట్టు పెడితే ఆరుగురికీ క్షేమం, కరుణ ఒక్క క్షణం మర్చిపోతే రాయి. శాంతరాజు కాళ్ళీడ్చుకుంటూ మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూతుకెళ్ళాడు. బొంబాయి నంబరు తిప్పాడు. అవతల మోగుతోంది. ఇంతలో వెనక నుంచి ఒక చెయ్యొచ్చి ఫోను నొక్కేసింది. కరుణ.

"అమ్మ చెప్పింది. వద్దు నాన్నా."

"నీకేమన్నా అయితే..."

"దూకేది నా ముందే కదా? ఫ్యాను తగిలితే తగిలించేది నేనే కదా? నువ్వు మోసినట్టు నన్ను కూడా జన్మంతా మొయ్యమంటావా?"

శాంతరాజు రిసీవరు పెట్టేశాడు.

"నా చెయ్యి తప్పుగా నేర్చుకుంది, అంతే. మళ్ళీ నేర్పు" అంది కరుణ.

ఇక మొదలైంది చూడండి చోద్యం! షెడ్డులో ఒక చెక్కకి రెండు పాత గేరు రాడ్లు బిగించి, దాని ముందు స్టూలేసి కూతుర్ని కూర్చోబెట్టాడు. పద్ధతొక్కటే. కట్ అని వినబడితే చెయ్యి ముందుకి. వెనక్కి కాదు, ముందుకి. గ్యాసిచ్చి, తిప్పి, తప్పించుకున్నాకే తగ్గించాలి. మొదటి రోజు పదిసార్లంటే పదిసార్లూ చెయ్యి వెనక్కే పోయింది. రెండో రోజు సగం. మూడో రోజుకి ఈ ఆట బస్తీకంతా పాకింది. కూరగాయలామె బండాపి "కట్!" అనేది. పోస్టుమాన్ ఉత్తరమిచ్చి "కట్!" అనేవాడు. సుబ్రహ్మణ్యమైతే మరీనూ, ఉప్మా తింటూ తింటూ ఉలిక్కిపడేట్టు "కట్!" అని అరిచేవాడు. కరుణ చెయ్యి ముందుకి పోవడం, ఎదురుగా ఉన్న గ్లాసో గిన్నో ఎగిరిపడడం! ఆదివారం చర్చిలో ఫాదరు గారు ప్రసంగం మధ్యలో "చుట్టుకున్న కట్లు" అన్నారు. కరుణ చెయ్యి ఝామ్మని లేచి ముందు బెంచీలో ఆవిడ కొప్పుకి తగిలింది. పక్కనే ఉన్న తెరెసాకి నవ్వొచ్చింది గానీ మొగుడు చూస్తున్నాడని బిగబట్టుకుంది. బురద బట్టల రోజు నుంచి మాటల్లేవు మరి.

చలపతిరావుకి కూడా పాఠం చెప్పాడు శాంతరాజు. "మీరు చెరువు దగ్గర ఆ మాట అననే అనకూడదండీ. షాటయ్యాక తెల్ల తువ్వాలు ఊపండి, చాలు."

"మా అమ్మ మీద ఒట్టు, అనను" అన్నాడు చలపతిరావు. ఇరవై ఏళ్ళుగా రోజుకి నూటయాభైసార్లు అన్న మాట అది.

షూటింగు ముందు రోజు మధ్యాహ్నం ఆయనకి కొత్త ఊహొచ్చింది. బోటు పైకి లేచినప్పుడు అడుగు ఎర్రగా మెరవాలిట. "పెయింటు రేపటికి ఆరదండీ" అని శాంతరాజు మొత్తుకున్నాడు. "ఆరిందో లేదో కెమెరాకి తెలీదయ్యా!" అన్నాడాయన. చచ్చినట్టు ఎర్ర పెయింటేశారు. మర్నాడు పొద్దున ముట్టుకుంటే వేలికి అంటుతోంది.

పూజ దగ్గరింకో తంటా. మేనేజరు నిమ్మకాయలు పట్టుకుని బోటు చుట్టూ తిరుగుతున్నాడు, కింద పెట్టడానికి చక్రాలేవీ? చివరికి ట్రాలీ చక్రాల కింద పెట్టి తొక్కించారు. బంతిపూల దండ మాత్రం శాంతరాజు బోటు దగ్గరికి రానివ్వలేదు. "ఒక్క పువ్వు జల్లెడలోకి పోయినా ఇంజనాగుద్ది, తీస్కెళ్ళి కెమెరాకి వేసుకోండి" అని కసిరాడు. తెరెసా హీరోయిన్ చీరే కరుణకి కట్టి, పిన్నులు పెట్టి, ఏమీ అనకుండా నుదుటి మీద సిలువ గుర్తు వేసి వెళ్ళి గట్టు మీద కూర్చుంది.

"స్టార్ట్! యాక్షన్!"

రెండింజన్లూ గర్జించాయి. ఎర్రటి అడుగు మెరిపిస్తూ బోటు దూసుకొచ్చింది. విలన్ మనుషులున్న పక్క బోటులోంచి ఒకడు దూకాడు, ఇద్దరు, ముగ్గురు. కరుణ అటో కోత కోసింది, ఇటో కోత కోసింది. నీటితోక ఎగిరి కెమెరా దాకా తుంపర కొట్టింది. అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. జంగయ్య తెప్ప మీద లేచి నిలబడి "షాబాష్ బిడ్డా!" అంటున్నాడు. మొదట దూకిన సుబ్రహ్మణ్యం బోటు రాకుండా ముందే గుర్తుపెట్టిన పక్కకి ఈదుతున్నాడు. బోటు రాయికెదురుగా తిరిగింది. ఇంకో నాలుగు క్షణాలాగి మళ్ళాలి.

చలపతిరావు చేతిలో తువ్వాలుంది. తువ్వాలు చేతిలోనే ఉంది. ఆనందం నోటికొచ్చింది.

"కట్! కట్! అద్భుతం! కట్!"

తెరెసా "ఏసయ్యా!" అంది. గట్టు మీద శాంతరాజు కుడిచెయ్యి తనంతట తనే ముందుకి పోయి, ఎదురుగా ఉన్న టీ ఫ్లాస్కు ఎగిరి నీళ్ళలో పడింది. అక్కడ బోటులో కరుణ చెయ్యి కూడా ముందుకే పోయింది! ఇంజన్లు ఇంకా గట్టిగా అరిచాయి, స్టీరింగు తిరిగింది, బోటు ఒక పక్కకి ఒరిగి, రాయి ఇంకా చాలా దూరముండగానే, గిర్రున మళ్ళింది. గెలిచింది! శాంతరాజు ఎగిరి గంతేశాడు.

గంతేసి నేలమీదికి వచ్చేలోపు చూశాడు. కట్ అంటే ఆగేది కరుణ ఒక్కతే కాదు. ఆరుగురు ఫైటర్లున్నారు, వాళ్ళకెవరు నేర్పారు? బస్తీ అంతా తిరిగి కట్ కట్ అని అరిచిన సుబ్రహ్మణ్యమే, ఆ మాట వినగానే షాటయిపోయిందనుకుని, ఈత ఆపేసి, తల బయటపెట్టి, మొహం తుడుచుకుంటున్నాడు. అనుకున్నదానికంటే నాలుగు క్షణాలు ముందే మళ్ళిన బోటు సరిగ్గా వాడి మీదికే వస్తోంది.

వాడు చూశాడు. తల్లకిందులుగా లోపలికి మునిగాడు. ఆఖరుగా రెండు పాదాలు పైకి లేచాయి. ఆ పాదాలున్న చోటు మీంచి బోటు వెళ్ళిపోయింది.

కరుణ ఇంజన్లాపింది. శాంతరాజు చొక్కాతోనే నీళ్ళలోకి దూకాడు. ఇరవై ఏడేళ్ళ తర్వాత అదే మొదటిసారి. నాలుగు బారలు వేశాడో లేదో ఎదురుగా సుబ్రహ్మణ్యం బుడుంగున పైకి తేలి, దగ్గి, "షాటోకేనాండీ?" అన్నాడు.

జంగయ్య తెప్ప మీదికి వాణ్ణి లాగారు. లాగుతుంటే శాంతరాజుకి వాడి పాదాలు కనబడ్డాయి. రెండు అరికాళ్ళూ ఎర్రగా ఉన్నాయి. మడమ నుంచి వేళ్ళ దాకా ఎరుపు. "కాలు! వీడి కాలు చూడండ్రా!" అని పిచ్చివాడిలా ఆ పాదాలు రెండూ పట్టుకున్నాడు. జంగయ్య వంగి వేలితో రాసి, వాసన చూశాడు.

"నెత్తురు గాదు రాజన్నా, రంగు! నిన్న మీరు పూసిన రంగే గదా. మనోనికి పెండ్లికొడుకు లెక్క పారాణి పెట్టింది మీ బోటు!"

బోటడుగు ఆ అరికాళ్ళని రాసుకుంటూ వెళ్ళింది. ఆ అడుగు కింద రెండు కాళ్ళూ రెండు ఫ్యాన్లూ ఉండుంటే? అక్కడున్న అందరికీ తెలుసు.

గట్టుకి చేరాక అందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలెట్టారు. చలపతిరావు లెంపలు వాయించుకుంటున్నాడు, ఏడుస్తున్నాడు, మధ్యలో కెమెరామాన్ని "ఫోకసుందా?" అని అడుగుతున్నాడు. కరుణ చీర కొంగు పిండుకుంటూ వచ్చి సుబ్రహ్మణ్యం వీపు మీద ఒక్కటిచ్చింది, "కట్ అంటే ఆగుతావురా నువ్వు?" అని. వాడు నవ్వు. కరుణా నవ్వు.

శాంతరాజు మాత్రం వాణ్ణి బండమీద కూర్చోబెట్టి, కిరసనాయిలు గుడ్డ తెచ్చి, కింద కూర్చుని, వాడి కుడికాలు ఒళ్ళో పెట్టుకుని తుడవడం మొదలెట్టాడు. మడమ తుడిచాడు. వేలు వేలూ విడదీసి తుడిచాడు.

"గిలిగింతలు పెడుతోంది మాస్టారూ! నేను కడుక్కుంటా వదలండి!"

"కదలకు."

ఎదురుగా నీడ పడింది. పది రోజులుగా మాట్లాడని తెరెసా వచ్చి నిలబడింది. మొగుడి మొహం చూసింది, ఆయన చేతిలోని పాదం చూసింది. పక్కన కూర్చుని, ఆయన గుడ్డని సగానికి చింపింది.

"అయ్యయ్యో, మీరు పట్టుకోకూడదమ్మా" అన్నాడు సుబ్రహ్మణ్యం కాలు లాక్కోబోతూ.

"ఊరుకో అబ్బాయ్, రెండున్నాయిగా" అంది తెరెసా, ఎడమకాలు తన ఒళ్ళోకి తీసుకుంటూ. "ఆయనొకటి తుడుస్తారు, నేనొకటి."